ఒంట్లో వేడి

చిక్కడపల్లిలో ఒక మేడమీది వాటా. పొద్దున నల్లా వచ్చి పోయిన వేళ. పడకగది తలుపుకు బయట అత్త విద్యావతి, లోపల కోడలు ఉదయశ్రీ.

"ఇంకా నోట్లనే ఉన్నదా ఆ వేడి చూసే గాజుపుల్ల? తీసినవా లేదా?"

"తీసిన అత్తమ్మా."

"నోట్ల ఏదో పెట్టుకొనే మాట్లాడుతున్నవు."

"జడ వేసుకుంటున్న. పిన్ను పండ్ల నడుమ పట్టుకున్న."

"మంచిగున్నది. నేను లేచి నీళ్లు పట్టి, వాకిలి కడిగి, పాలు కాగబెట్టినంక నీ జడ మొదలైతది. మా కాలంల పాచినోట్ల మంచినీళ్లు గూడ పోసుకోకపోతుంటిమి. నువ్వేమో పాచినోట్ల గాజుపుల్ల పెట్టుకొని పంటవు. పిలిస్తే పలుకవు, పొయ్యికాడ పాలు పొంగినా లేవవు."

"లేవకముందే చూడాలెనట. కదిలినా, మాట్లాడినా లెక్క తప్పుతదని డాక్టరమ్మ చెప్పింది."

"ఆ, అదొక్కటి మంచిగ పట్టుకున్నవు. పండుకొని ఉండుమంటే సాలు, ఇగ దానికి డాక్టర్ చీటీ గూడ దొరికె. ఎంతున్నది?"

"ఎక్కువనే ఉన్నది."

"ఎక్కువనేనంటే?"

"నిన్నటంత."

"నిన్న అడిగితె మొన్నటంత అన్నవు. ఇయ్యాల అడిగితె నిన్నటంత. దిగుడే లేదా ఇగ? పొయ్యి మీద నుంచి దించినంక అన్నం కుండ గూడ జరసేపటికి సల్లబడ్తది. నీ ఒళ్లు సల్లబడదా?"

"పడ్తలేదు."

"ఎట్ల చెప్తున్నదో సూడు, పడ్తలేదట! ఎవరి ఒళ్లో అన్నట్టు. సబ్జాగింజలు నానబెట్టి తాపిస్తి. బార్లీ కాసి పోస్తి. మజ్జిగల మెంతులేసి పరిగడుపున మింగిపిస్తి. నీ మాడుకు ఆముదం పెట్టి పెట్టి నా అరచేతుల జిడ్డు సబ్బుకు గూడ పోతలేదు. ఎవరికోసం చేస్తున్న ఇదంత? నీ అందం కోసమా?"

"మీ మనుమని కోసం."

"మరేడి మనుమడు? గల్లీల నలుగురు అడిగితె జవాబు చెప్పేది నేను. ఒంట్ల అంత అగ్గి పెట్టుకుంటే లోపల పడ్డది ఏం మిగుల్తది? పేనం మీద నీళ్లసుక్క పడ్డట్టు సుయ్యిమని పోతది. ఈ నెల ఇంకా బయట కూసోలేదు గద నువ్వు? అది గూడ ఎండిపోయింది ఆ వేడికి."

"నాకెప్పుడు లేటుగనే అయితది గద."

"అదే నేననేది. నెల లేటు, నిద్ర లేసుడు లేటు, బుద్ధి అన్నిటికంటే లేటు. తలుపు తియ్యి ముందుగాల. లోపల గడియ పెట్టుకొని ఏం చేస్తున్నవు?"

"తీస్తున్న."

"ఇదేంది? మంచం మీద ఆ బ్యాగేంది?"

"బట్టలు సర్దుకుంటున్న."

"ఎటు?"

"మీరే అన్నరు గద. మా ప్రేమక్క దగ్గరికి పోయి నాలుగు దినాలు ఉండి రా, ఒంటికి జర హాయిగుంటదని."

"అన్న. అంటె... అన్న అనుకో. ఇయ్యాలనే అన్ననా? పొద్దున్నే అన్ననా? పది గంటలకు మనుషులొస్తరు. వాళ్లు వచ్చిపోయినంక నువ్వు పోవుడో, ఏదో."

"వస్తరని తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"మనుషులొస్తరని."

"ఎవరో తెలుసా?"

"కాచిగూడ ప్రహ్లాద్ గారు. వాళ్ల బిడ్డ మనీష. డిగ్రీ చదివిందట. మంచిగ వంట చేస్తదట."

"ఎవలు చెప్పిండ్రు?"

"నిన్న కోఠికి పోయి చీరెలు తెస్తమని పోయిండ్రు గద మీరు, మీ కొడుకు. చీరెలు కొననీకి పోయేటోళ్లు పట్టుచీరె కట్టుకొని, పండ్లు పట్టుకొని పోతరా అత్తమ్మా? కింద వాటా వాళ్లకు మీరే చెప్పుకుంట దిగిండ్రట. వాళ్లేమో సంతోషం ఆగక నాకు చెప్పిండ్రు."

"చెప్తె చెప్తి. దొంగతనం చేసిననా? నా కొడుక్కు సంబంధం సూస్తున్న."

"పెండ్లయిన కొడుక్కు."

"పెండ్లయి ఆరేండ్లయిన కొడుక్కు. ఎత్తుకోనీకి పిల్లలేని కొడుక్కు. ఇంకోడైతె రెండేండ్లకే నిన్ను మీ ఊరికి నారాయణపేట బస్సెక్కించి చెయ్యి ఊపుతుండె. వాడు గాబట్టి ఓపిక పట్టిండు. దవాఖానలు తిప్పిండు. గాజుపుల్ల కొనిచ్చిండు, అది మామూలు జరం చూసేది గాదు, కోఠిల నాలుగు దుకాణాలు తిరిగితె దొరికింది. అభీ! అభీ, ఇటు రా. నీ పెండ్లానికి అంతా తెలుసంట."

గడ్డం సగం గీసుకొని, మెడలో తువ్వాలతో అభిజిత్ వచ్చాడు.

"ఏందమ్మా పొద్దున్నే లొల్లి? నాకు ఏడున్నరకు క్లాసున్నది. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల నాలుగొందల మంది నోట్‌బుక్కులు తెరిచి నా కోసం కూసుంటరు, ఇక్కడ మీరు నా చెవుల..."

"మనీష సంగతి తెలుసంట ఈమెకు."

"తెలిస్తే మంచిదే. చెప్పే పని తప్పింది. ఇగో ఉదయా, నేను తిప్పి తిప్పి మాట్లాడేటోణ్ణి గాదు. నీకు తెలుసు."

"తెలుసు."

"నీ మీద నాకు కోపం లేదు."

"అది గూడ తెలుసు. కోపం రానీకి గూడ ఎదుటోళ్లను మనిషిగ చూడాలె గద."

"చూసినవా అమ్మా? ఇంటర్ సెకండ్ క్లాసు, మాటలు మాత్రం పీజీ. సరే. విడాకుల సంగతి సుల్తాన్ బజార్ వకీలు చూసుకుంటడు, అది తర్వాత. ఇయ్యాల ఒకటే పని. ప్రహ్లాద్ గారు వచ్చినంక ఆయన ముంగట నువ్వొక్క మాట చెప్పాలె."

"ఏం మాట?"

"నాకు పిల్లలు కారు, నా ఇష్టంతోటే పోతున్న అని."

"నేనా?"

"మరి? నేను చెప్తె నమ్ముతడా? రేపు నా బిడ్డ కాపురంల మొదటామె వచ్చి కూసుంటదేమోనని ఆయన భయం. పెద్దమనిషి. నీ నోటితోటి వినాలంటడు."

"నేను పోతనే అంటున్న గద. బ్యాగు సర్దుకున్న. ఇగ మాటెందుకు?"

"పోయేదానివి ఒక్క మాట చెప్పి పోతె నీ సొమ్మేం పోతదే? ఆరేండ్లు మా ఇంట్ల అన్నం తిన్నవు."

"తిన్నది నేను వండిందే అత్తమ్మా."

"అమ్మా, నువ్వాగు, నేను మాట్లాడుత. ఉదయా, పోయి ఎక్కడుంటవు? మీ అక్క దగ్గరనా? ఆ లేడీస్ హాస్టల్లనా?"

"ఔను. అక్కకు వంటకు మనిషి కావాల్నట."

"అశోక్ నగర్లనా? నేను పాఠం చెప్పే గల్లీ ఎనకనా? నా స్టూడెంట్లు ఆ హాస్టల్లనే ఉంటరు. వాళ్ల పళ్లెంల నువ్వు పప్పు పోస్తవా? సార్ భార్య అని తెలిస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"సార్ భార్య మనీష అయితది గద. నేను పప్పు పోసే ఉదయక్కను. మీరేం పరేషాన్ గావద్దు."

"మాటలు... మాటలు. అమ్మా, ఆ బీరువా తలుపు తియ్యి. చూడు, ఆ గ్రాఫ్ చూడు ఒకసారి. ఏడాదిన్నర నుంచి నా చేతితోటి గీసిన. కింద తారీఖులు, పక్కకు టెంపరేచర్, ఎర్ర ఇంకుతోటి గీత. ఏ మొగడు చేస్తడు చెప్పు పెండ్లాం కోసం ఇంత సైంటిఫిక్‌గ? ఇంక నేనేం తక్కువ చేసిన?"

"గీసుడు తక్కువ చేయలే. వినుడే తక్కువ చేసిండ్రు."

"ఏం వినలే?"

"డాక్టరమ్మ చెప్పింది నేను మీకు మొదటి నెలనే చెప్పిన. అండం బయటపడ్డంకనే ఒంట్ల వేడి పెరుగుతదట. గీత పైకి పోయిందంటే అయిపోయినట్టట. పెరగకముందు దినాలే లెక్కకొచ్చేటియట."

"ఆగు, ఆగు. ఎవరు చెప్తున్నరు, ఎవరికి చెప్తున్నరు? ఆమె ఇంగ్లీషుల ఏదో చెప్పింటది, నీకేదో అర్థమైంటది. నీళ్లు ఎప్పుడు మరుగుతయి? టెంపరేచర్ పైకి పోయినంకనే గద? ఏదైనా పీక్‌ల ఉన్నప్పుడే పనైతది. ఎనిమిదో తరగతి పిల్లగాడు గూడ చెప్తడు."

"అందుకే ఏడాదంత మీరు చెప్పిన దినాలే. బస్సు పోయినంక ఇద్దరం బస్టాండ్ల నిలబడ్డట్టున్నది మన కథ."

"చూడమ్మా! నా తప్పంటున్నది."

"వాడు చెప్పిందీ తప్పే, ఆ డాక్టరు చెప్పిందీ తప్పే. వేడిల ఏడన్న కడుపు నిలుస్తదారా? సల్లగున్నప్పుడే నిలుస్తది. మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది. అందుకే గద ఈసారి నేను నడుమల పడ్డది. పొద్దున్నే ఎంతున్నదో అడుగుడు, సల్లగున్నదంటే నీకు చెప్పుడు. దేవునర్ర నుంచి కేకేసి చెప్పలే? అభీ, ఇయ్యాల సల్లగున్నదిరా, ఏ ఊరికి పోకు, ఇంట్లనే పండుకో అని!"

"అమ్మా, జర మెల్లగ. కింద కిరాయోళ్లున్నరు."

"ఉంటే ఉన్నరు. సిగ్గుపడుకుంట కూసుంటే వంశం నిలుస్తదా?"

"నీ తృప్తి కోసం ఆ రాత్రి ఇంట్ల ఉన్న, అంతే. మరుసటి దినం పొద్దున్నే కరీంనగర్ పోయిన. అక్కడి బ్రాంచిల క్రాష్ కోర్స్ అయ్యేదాంక అక్కడనే ఉన్న. అసలు అయ్యే దినాలన్ని అక్కడనే పోయినయి. ఇంత తెలిసి ఎందుకు పోయిన? అప్పటికే నాకు అర్థమైంది. ఈ ఒంటికి కాదు. వదిలెయ్యాలె. విత్తనం తప్పు లేదు, నీళ్ల తప్పు లేదు, భూమే చౌడు."

"భూమి మంచిగ లేదని ఎవరు చూసి చెప్పిండ్రు? మిమ్మల్ని గూడ ఒక పరీక్ష చేపిచ్చుకోమన్నది గద డాక్టరమ్మ. పోయిండ్రా?"

"నాకెందుకు పరీక్ష? నేను నలుగురికి పరీక్షలు పెట్టేటోణ్ణి."

"అవును. మరిచిపోయిన."

"టైం అయితున్నది. ఒక్క మాట. చెప్తవా చెప్పవా?"

"చెప్ప."

"ఏందీ?"

"ఆ మాట నేను చెప్ప. పోతె పోత. ఇప్పుడే పోత. మనీష వచ్చి ఈ బీరువాల బట్టలు పెట్టుకుంటె పెట్టుకోనియ్యి. వకీలు ఏడ సంతకం పెట్టుమంటె ఆడ పెడ్త. ఆ మాట మాత్రం చెప్ప."

"చూసినవా, చూసినవా! మెడల కండువా పట్టి కోర్టుకు గుంజుత అని మనసుల ఉన్నదిరా అభీ దీనికి. ఇయ్యాల ప్రహ్లాద్ గారి ముంగట ఒకటి, రేపు జడ్జి ముంగట ఒకటి చెప్తది."

"లేదత్తమ్మా. నాకు కోర్టు గూడ వద్దు."

"మరేం రోగం నీకు? రెండు ముక్కలు చెప్పనీకి? నాలుక అరుగుతదా?"

"అబద్ధం గాబట్టి."

"ఏది? ఇష్టంతోటి పోతున్న అనేది అబద్ధమా? తెలుసు నాకు! నీకు పోవుడు ఇష్టం లేదు. ఈ ఇల్లు, ఈ ఫ్యాను, ఈ గ్యాసుపొయ్యి వదిలిపెట్టి ఎట్ల పోతవు?"

"అది నిజమే. ఇష్టంతోటే పోతున్న. మొదటిదే అబద్ధం."

"మొదటిదంటే?"

"నాకు పిల్లలు కారు అనేది."

"ఏమన్నదిరా?"

"ఏందది? మళ్ల చెప్పు."

"నిన్న మీరు కోఠికని పోయినంక నేను నారాయణగూడకు పోయిన. వేడి పెరిగి, పదైదు పదహారు దినాలైనా దిగకపోతె రమ్మన్నది డాక్టరమ్మ. దిగలే. పోయిన. పరీక్ష చేసింది. మీరు రోగమనుకొని మెంతులు మింగిపిస్తున్నరు గద అత్తమ్మా, అది రోగం గాదు. కడుపుతోటున్న."

"అయ్యో! అయ్యో, నా తల్లే! అభీ, ఇన్నవారా! నేను చెప్పలే? నేను చెప్పలే సల్లగున్నప్పుడే నిలుస్తదని? నా సబ్జాలు! నా బార్లీ! ఇంత పెద్ద డాక్టర్లు చేయలేంది నా ఆముదం చేసింది! కూసో, బిడ్డా, కూసో, నిలబడకు. ఆ బ్యాగు పట్టుకోకు, బరువు. నేను పెడ్త ఆడ. ఎవరు సర్దుమన్నరే నిన్ను బ్యాగు?"

"మీరే."

"నేనన్ననా? నేనంటె మాత్రం నువ్వు వినాల్నా? ఆరేండ్ల నుంచి ఒక్క మాట విననిదానివి ఇదొక్కటే విన్నవా?"

"ప్రహ్లాద్ గారు పదింటికి వస్తరు."

"వస్తె రానియ్యి... కాదు, రానియ్యకురా అభీ. కింద ఎస్‌టీడీ బూతుకు పోయి ఫోన్ చెయ్యి. జరం వచ్చిందని చెప్పు. ఎవరికో ఒకరికి. నేను నిన్ననే అనుకున్న, ఆ పిల్ల ముక్కు సూస్తివా? ఇంత వెడల్పు. పండ్లు గూడ జర ముంగటికున్నయి."

"నిన్న ఆ పిల్ల మీకు చాయి ఇచ్చింటది గద అత్తమ్మా. బొట్టు పెట్టి, పండ్లిచ్చి, పదింటికి రమ్మని చెప్పి వచ్చిండ్రు. పొద్దటిదాంక ముక్కు మంచిగనే ఉండె."

"నువ్వు ఆ పిల్ల గురించి ఎందుకు ఫికర్ పెట్టుకుంటవు? ఎవరి నసీబ్ వాళ్లది. అవునే, నిన్ననే తెలిస్తె నిన్ననే ఎందుకు చెప్పలే? రాత్రంత మాకు చెప్పకుండ ఎట్ల పండుకున్నవు?"

"చెప్దామనే ఉరికొచ్చిన. నారాయణగూడ నుంచి రిక్షా గూడ ఎక్కలే, నడిచొచ్చిన. నడుస్తుంటె కాళ్లు నేల మీద లేవు. పైకొచ్చి చూస్తే నేనేసిన తాళం అట్లనే ఉన్నది. కింద వాటామె బయటికొచ్చి, నీకు సవతి వస్తున్నదటగదనే అన్నది. మెట్ల మీద కూసున్న. మీరొచ్చిండ్రు. మీ నోట్ల పాన్ ఉండె. చెప్పబుద్ధి కాలే."

"సరే సరే, అయిందేదో అయింది. ఒక ఇంట్ల ఉన్నంక వంద ఉంటయి. అభీ, ఏంరా, బెల్లం కొట్టిన రాయి లెక్క నిలబడ్డవు? గడ్డం గీసుకో. స్వీట్లు తే."

"లెక్క కుదురుతలేదు."

"ఏం లెక్కరా?"

"అమ్మా, ఆ గ్రాఫ్ చూడు. నేను కరీంనగర్ పోయిన దినం ఇగో, ఇక్కడ. అప్పటికి గీత కిందనే ఉన్నది. నేను పోయినంకనే పైకి పోయింది. కడుపు నిలిచేది పైకి పోయిన దినాల్ల. ఆ దినాల్ల నేను ఇంట్ల లేను."

"లేకుంటె?"

"లేకుంటె ఏందో ఆమెను అడుగు."

"ఏమని అడగాలెరా?"

"ఎవరొచ్చిండ్రో అడుగు."

"నోరు ముయ్యి! ఒరేయ్, నోరు ముయ్యి! మనిషివేనా? నేను లేనారా ఇంట్ల? ఈ మెట్లు నేను కాసుకొని కూసున్న. పాలోడు గూడ కిందనే పోసిపోతడు. ఈమె బయటికి పోయిందంటె కూరగాయలకు, దవాఖానకు. ఎవడొస్తడురా?"

"నువ్వు ఏకాదశి భజనకు పోలే? మామ వాళ్లింటికి పోయి రెండు దినాలు ఉండలే?"

"పోతె పోయింట... అరే, అది గాదురా! నేనే పంపిన గదా నిన్ను ఆమె కాడికి సల్లగున్న దినాల్ల! నా నోటితోటి చెప్పి పంపిన! అప్పుడే నిలిచింది!"

"సల్లగున్న దినాల్ల నిలువది అమ్మా. సైన్స్ ఒప్పుకోదు."

"నీ సైన్స్‌ల మన్నుబొయ్య!"

"మీ అమ్మ తప్పు కారణంతోటి సరిగ్గ చెప్పింది. మీరు పుస్తకాలు చదివి తప్పు చెప్పిండ్రు. నారాయణగూడ ఎంత దూరమండి? డాక్టరమ్మ పదకొండు దాంక ఉంటది. పోయి అడుగుండ్రి. బొమ్మ గీసి చెప్తది."

"నేను పోయి అడగాల్నా? ఆమెను? నాలుగొందల మందికి జవాబులు చెప్పేటోణ్ణి, పోయి చేతులు కట్టుకొని, అమ్మా, నా పెండ్లానికి కడుపెట్లొచ్చిందో చెప్పుమని అడగాల్నా?"

"వద్దు. అడగకుండ్రి."

"నువ్వు చెప్పు. ఎవరు?"

"అంటె, మీరు తప్పు చదివిండ్రు అనుకునుడు కంటె నేను తప్పు చేసిన అనుకునుడే మీకు సులువు."

"తిప్పకు. నేను ఒక్కటే చెప్తున్న. నాది కాదు."

"అభీ, ఒద్దురా..."

"నాది కాదమ్మా. ఇంకొకని పిల్లకు నేను ఫీజులు కట్టాల్నా?"

"మళ్ల ఒకసారి చెప్పుండ్రి. అత్తమ్మ ఏడుస్తున్నది, సక్కగ వినలేదేమో."

"నాది కాదు! చాలా? వకీలు ముంగట ఇదే చెప్త, కోర్టుల ఇదే చెప్త."

"రేపు పుట్టినంక, ముక్కు మీ అమ్మ ముక్కు లెక్కున్నా? కండ్లు మీ కండ్ల లెక్కున్నా? మొగపిల్లగాడైనా?"

"ఏమైనా సరే. నా పేరు పెట్టనియ్య. నా గడప తొక్కనియ్య. నేను ఒకసారి జవాబిచ్చినంక మార్చేటోణ్ణి గాదు."

"మార్చరు గద?"

"మార్చ."

"సరే. ఆటో పిలుస్త నేను."

"ఆగు! ఆగు బిడ్డా. ఉదయశ్రీ, ఇటు సూడు. నా మొకం సూడు. వాడు పిచ్చోడు. చదువు తలకెక్కి చెడిండు. నేను చిన్నప్పుడే రెండు తన్నకపోతి. వాణ్ణి నాకొదిలెయ్. నేను ఒప్పిస్త. అన్నం మానేస్త, ఒప్పుకునేదాంక. ప్రహ్లాద్ గారి కాళ్లు నేనే పట్టుకుంట. నువ్వు మాత్రం ఒక్క మాట చెప్పు."

"పొద్దున ఒక్క మాట చెప్పి పొమ్మన్నరు."

"తప్పాయె. ఇప్పుడు ఒక్క మాట చెప్పి ఉండు. దా, దేవునర్రల దీపం మీద చెయ్యి పెట్టు. ఈ కడుపు నీదేనయ్యా అని వాని మొకం మీద చెప్పు. ఎందుకు ఒప్పుకోడో నేను సూస్త."

"చెప్తె ఉండాలె గద అత్తమ్మా."

"ఉండు! మహారాణి లెక్క ఉండు. మంచం దిగకు. పాచినోట్ల పుల్ల పెట్టుకొని మధ్యాహ్నందాంక పండుకో. నేను పాలు తెచ్చి నోటికందిస్త."

"మనుమడు పుట్టేదాంకనా? పుట్టినంక గూడనా?"

"ఎప్పటికీ! ఉదయా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు ఇట్లనే మెట్లు దిగితె నా మనుమడు నాకు కాకుండ పోతడే. నా వంశం ఆ హాస్టల్ వంటింట్ల పెరుగుతదే. చెప్పు బిడ్డా. నీ మొగనిదే అని ఒక్కసారి చెప్పు."

"ఆయన కాదంటున్నడు గద అత్తమ్మా. మొగని మాటకు ఎదురు చెప్పొద్దని ఈ ఇంటికొచ్చిన దినమే నేర్పిండ్రు మీరు. ఇయ్యాల గూడ చెప్ప."